ఏడో ఓటు

హలో… ఆ, నేనే. ఆర్డిస్‌నే. ఇంకెవరుంటారే? మీ కాలేజీలోలాగా నా ఫోనెత్తడానికి ఇక్కడ ఇంకో మనిషిని పెట్టారనుకున్నావా?…

ఆఁ, రింక్‌లోనే ఉన్నా. మోకాళ్ళ మీద కూర్చుని నీలం గీత వేస్తున్నా… అవునే, నేనే. బ్రష్షు పట్టుకుని. మంచు పల్చగా పరిచాం, దాని మీద గీతలు వేస్తే సాయంత్రం మళ్ళీ నీళ్ళు కొడతాం. మర్చిపోయావా? చదువుకునే రోజుల్లో, ఈ మంచు మీదే హాకీ ఆడుతూ, ఇదే రింక్‌లో ఇద్దరం కలిసి వేసేవాళ్ళం. నువ్వెప్పుడూ వంకరగా వేసేదానివి, నేను సరిచేసేదాన్ని…

ఓహో. మీకు కంపెనీవాళ్ళొచ్చి వేసి పోతారా. పోనీలే తల్లీ, పెట్టి పుట్టావు.

… చూశా. పొద్దున్నే చూశా. కంగ్రాచులేషన్స్ కోరిన్. సీజన్ మొదలవకముందే కోచ్‌లందరం ఓట్లేసే పట్టికలో, ఎనిమిది కాలేజీల్లో మీ గ్రేస్టన్ మొదటిది. … మనస్ఫూర్తిగానే అంటున్నానే! గొంతుకేమైంది? గొంతు ఇలాగే ఉంటుంది, ఇక్కడ చలి…

ఫోటో కూడా బాగుంది. … అదే, పట్టిక పక్కన నీ ఫోటో. చేతులు కట్టుకుని, గడ్డం పైకెత్తి. ఆ జుట్టు ఎక్కడ సెట్ చేయించావే? … ఎనిమిదిమంది కోచ్‌లుంటే ఒక్కదాని ఫోటోనే వేశారు. కిందటేడు పైన్ రిడ్జ్ మొదటొచ్చింది కదా, వెండెల్ ఫోటో వేశారా? … వేశారా? … సరే, వేసుంటారు. నేను చూళ్ళేదు.

మాదా? మా పేరు కనపడాలంటే పేజీని కిందికి జరుపుకుంటూ జరుపుకుంటూ పోవాలి. చిట్టచివర. మీ గురించి ఆరు పేరాలు, మా గురించి రెండు ముక్కలు. చదవనా? అక్కర్లేదు, నోటికొచ్చేసింది. 'టమరాక్ లేక్ జట్టు అనుభవం లేని గోల్ కీపర్‌తో దిగుతోంది. కష్టకాలమే.' అంతే. కష్టకాలమే అట! రాసినవాడెవడో మా రింక్ గుమ్మం తొక్కాడా అసలు?…

అనుభవం ఉన్న గోల్ కీపర్ ఏమైపోయిందో మాత్రం రాయలేదులే. రాస్తే నీ ఫోటో పక్కన బాగోదుగా.

… నేనెత్తానా ఆ మాట? నేనేం కైయా పేరెత్తలేదే! నువ్వే ఎత్తావ్ ఇప్పుడు!…

సరే, ఎత్తావు కాబట్టి చెప్తున్నా. ఎత్తుకుపోయావు కోరిన్. మూడేళ్ళు పెంచాను దాన్ని. పద్దెనిమిదేళ్ళకొచ్చింది నా దగ్గరికి, పక్ బిళ్ళ ఎదురొస్తే కళ్ళు మూసుకునేది. ఆ కళ్ళు తెరిపించింది ఎవరు? రోజూ తెల్లారకముందే వచ్చి దాని మీదికి ఐదొందల పక్‌లు కొట్టింది ఎవరు? నా భుజం ఇప్పటికీ వర్షమొస్తే సలుపుతుంది. దాన్ని తయారుచేసింది నేను. ఫోటో నీకు…

తెలుసు. మా దగ్గర నర్సింగ్ చదువు లేదు, మీ దగ్గరుంది. తనంతట తనే వచ్చింది, నువ్వు పిలవలేదు. వందసార్లు చెప్పావు. … ఆఁ, నూట ఒకటోసారి కూడా విన్నాను…

నేనేమన్నాను దాన్ని? ఏమీ అనలేదు. … చెప్పిందా? … ఏం చెప్పింది? … ఆ మాటన్నానా నేను? 'వెళ్తే మళ్ళీ నా మొహం చూడకు' అన్నానా?…

కోపంలో ఏదో అనుంటాను. కోపంలో అన్న మాట పట్టుకుంటారా ఎవరైనా? … మెసేజీలు పెట్టింది, నిజమే. వేసవంతా పెట్టింది. వాళ్ళ నాన్నకి దొరికిన చేపల ఫోటో పంపింది. మీ కొత్త రింక్ ఫోటో పంపింది, అదీ నాకు! … జవాబివ్వలేదు. ఏమని ఇవ్వను? బాగుంది అననా? బాగుంది మరి. చచ్చేంత బాగుంది. సీట్లు కూడా వెచ్చగా ఉంటాయట! కూర్చునేవాళ్ళకి వెచ్చన. ఇక్కడ మా జనం ఇంట్లోంచి దుప్పట్లు తెచ్చుకుంటారు కోరిన్.

మీ పిల్లలకి పడుకుని వెళ్ళే బస్సట. ఆట అవగానే వేడివేడిగా చేపా, అన్నమూ అట. మేం చిన్నపిల్లల స్కూలు బస్సులో, మోకాళ్ళు గడ్డానికి తగుల్తుంటే పోతాం. తిండి నేనే వండుతా. బంగాళాదుంపలూ కీమా కలిపి ఆ పెద్ద ట్రేలో. … నవ్వకు. నీకూ అదే తినిపించేది మా అమ్మ, లొట్టలేసుకుంటూ తినేదానివి.

… లేదు. కళ్ళు కుట్టడం లేదు.

… కుడుతున్నాయి. అయితే ఏంటి? కుట్టకూడదా? మనిషిని కాదా? ఇరవై రెండేళ్ళ నుంచీ కుడుతూనే ఉన్నాయి. మనిద్దరం ఆడిన ఫైనల్లో ఆ గెలుపు గోల్ కొట్టింది నువ్వే, కాదనను. గోడకి నీ ఫోటో తగిలించారు. ఇక్కడే, నేను కూర్చున్న చోటునుంచి కనపడుతోంది. రోజూ కనపడుతుంది. పాస్ ఇచ్చిన దాని మోచెయ్యి ఒక్కటి కనపడుతుంది ఆ ఫోటోలో, ఒక మూల. నా మోచేతికి ఈ రింక్‌లో చాలా పేరుంది తెలుసా?…

అబ్బే, ఏడవడం లేదు. రంగు వాసన. కళ్ళు మండుతున్నాయి…

ఇంకేమిటి విశేషాలు? మెరిడన్ రెండోదట కదా. మంచిదే. వాళ్ళ పిల్లలు గాలిలా పోతారు, కానీ పది నిమిషాలకోసారి ఎవరో ఒకరు ఎవరినో ఒకర్ని కర్రతో కొట్టి శిక్ష పెట్టెలో కూర్చుంటారు. వేగం ఉంది, బుర్ర లేదు. … ఆఁ. వెండెల్ జట్టు మూడు. వాళ్ళ రక్షణలో ఈ ఏడు తాటిచెట్టంత పిల్లలొచ్చారట, తిరగాలంటే మాత్రం ముందురోజే చెప్పి ఉంచాలి వాళ్ళకి! … కదూ? హాలోవే ఐదు. వాళ్ళు ప్రతి ఏడూ ఐదే, పుట్టినప్పుడే ఐదు అని రాసిచ్చుంటారు…

చూడు, మనిద్దరం ఇలా మాట్లాడుకుని ఎన్నాళ్ళైంది. … ఏప్రిల్ నుంచీ. అవును.

… కానీ ఒకటి అడుగుతాను కోరిన్, నిజం చెప్పు. నన్ను ఆరుగురు అట్టడుగున పెట్టారు. పెట్టనీ, వాళ్ళిష్టం. పదమూడు మార్కులు. మొదటి స్థానానికి ఏడు, ఆఖరిదానికి ఒకటి కదా? ఆరుగురి దగ్గర్నుంచి ఆరు ఒకట్లు. మిగిలినవి ఏడు. అంటే ఎవరో ఒకళ్ళు నన్ను మొదట పెట్టారు. మొదట! ఎనిమిదో జట్టుకి ఒక మొదటి ఓటు! పట్టికలో పక్కనే బ్రాకెట్లో మొదటి ఓట్లు ఒకటి అని వేశారు, ఊరంతా చూసింది. పొద్దున్న కాఫీ దగ్గర మా కాలేజీ డీన్ అడిగాడు, 'ఆర్డిస్, అచ్చుతప్పా ఇది?' అని. పగలబడి నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

సొంత జట్టుకి వేసుకోకూడదు, ఆ నిబంధన అందరికీ తెలుసు. కాబట్టి నేను కాదు. మరెవరు? ఎవరికింత వెటకారం? వెండెలేనా? వాడే. వాడికి ఇలాంటి చేష్టలలవాటు…

ఏంటీ?

… నువ్వా?

… నువ్వు నన్ను మొదట పెట్టావా.

ఎందుకే? జాలా? పాపం ఆర్డిస్, ఆఖర్న పడుంటుంది, ఒక్క ఓటు పడేద్దాం అనా? నాకక్కర్లేదు నీ ముష్టి! పుండు మీద కారం చల్లడానికి ఇంకేమీ దొరకలేదా నీకు? నా గోల్ కీపర్‌ని తీసుకున్నావు, వెచ్చటి సీట్లలో కూర్చున్నావు, ఫోటో వేయించుకున్నావు, ఇప్పుడు పైనుంచి నాకో బిస్కెట్టు విసురుతావా?…

నేను అరవడం లేదు! రింక్ ఖాళీగా ఉంది కాబట్టి మోగుతోంది, అంతే!

విను. అక్టోబర్ పదిన మొదటి ఆట మీకూ మాకే. ఇక్కడే, నా రింక్‌లో. రా. నీ ఫోటో తీసుకుని రా. మీ కైయాలో ఒక లోపముంది. నీకు తెలీదు. ఎవరికీ తెలీదు, మూడేళ్ళు చూసిన దాన్ని, నాకు తెలుసు. మా పిల్లలకి ఆల్రెడీ బోర్డు మీద రాసి పెట్టాను. … చెప్పను. బతిమాలినా చెప్పను. ఆ రోజు తెలుస్తుంది నీకు…

ఏంటా నిట్టూర్పు?… ఇంకేదో అడగాలా? అడుగు.

… నిన్ను ఆఖర్న పెట్టిందెవరని?

నాకెలా తెలుస్తుంది? … ఎవరన్నారు నిన్ను ఆఖర్న పెట్టారని? … ఆఁ. ఆరుగురు మొదట పెట్టారు, ఆరేడ్లు నలభై రెండు. నీకొచ్చింది నలభై మూడు. … అయితే ఏడో ఓటు ఒక్క మార్కు. సరే. లెక్క సరే. ఎవడో కడుపుమంటగాడు పెట్టుంటాడు. మొదటొచ్చినవాళ్ళకి ఒకళ్ళిద్దరు ఏడ్చేవాళ్ళుండరా? వెండెలే అయుంటాడు. నిరుడు వాడిదే కదా మొదటి స్థానం, ఓర్చుకోలేక…

వెండెల్ నన్ను ఎక్కడ పెట్టాడా? ఇప్పుడే చెప్పాను కదే. ఆరుగురూ నన్ను ఆఖర్నే పెట్టారని. నువ్వు మొదట పెట్టావు, మిగతా ఆరుగురూ ఆఖర్న. వెండెల్ కూడా.

…

ఆఁ.

… వింటున్నా.

… అవును. ఒక కాగితంలో ఆఖరి స్థానం ఒకటే ఉంటుంది.

… ఆరుగురూ అది నాకే ఇచ్చేశారు. నీకివ్వడానికి ఇంక వాళ్ళ దగ్గర లేదు.

…



బ్రష్షు కింద పడింది. గీత మీద మరక పడింది…

ఎప్పుడు తెలుసు నీకు? … పొద్దున్నే? పట్టిక వచ్చిన ఐదు నిమిషాలకా? మరి ఇందాకట్నుంచీ మెరిడన్ అనీ, హాలోవే అనీ నాతో ఎందుకు మాట్లాడావే? … నేనే చెప్తానేమోనని చూశావా?

… రహస్య ఓటు కదా అనుకున్నాను కోరిన్. పేర్లు వెయ్యరు కదా అని. కంప్యూటర్ ముందు కూర్చుని, మెరిడన్‌ని మొదట పెట్టి, అందర్నీ వరసగా పెట్టుకుంటూ వచ్చి, ఆఖర్న గ్రేస్టన్ అని నొక్కాను. నొక్కినప్పుడు ఎంత హాయిగా ఉందో చెప్పమంటావా? వేసవంతా నాకంత హాయి లేదు. ఆ రోజు రాత్రి అన్నం రెండుసార్లు పెట్టుకున్నాను.

అవునే. నేనే. కుళ్ళు. కుళ్ళుకుని కుళ్ళుకుని వేశాను. చాలా?

… తిట్టు, పర్లేదు. … తిట్టవా? తిట్టకపోతే ఇంకా మంట నాకు…

తిట్టడానికి కాకపోతే ఫోన్ ఎందుకు చేశావు మరి?

… ఎవరు అడగమన్నారు?

… కైయా?

మీ పిల్లలు లెక్క కట్టారా. బట్టలు మార్చుకునే గదిలో గోడకి అంటించావా పట్టిక? … ఆ, నేనూ అంటిస్తా ప్రతి ఏడూ, పిల్లలకి పౌరుషం రావాలని. … మీ కెప్టెన్ అంది. 'మీ పాత కోచే వేసుంటుంది' అని. … కైయా ఏమంది?

…

'ఆర్డిస్ అలా చెయ్యదు' అందా.

… కొట్టుకున్నారా? ఆ మాట మీద కెప్టెన్‌తో కొట్టుకుందా అది? … మూడేళ్ళలో నోరెత్తి ఒకళ్ళని ఒక మాట అనలేదే అది. … ఆగు, ఆగు కోరిన్. ఒక్క నిమిషం.

…

ఆఁ, చెప్పు. కర్చీఫ్ వెతుక్కుంటున్నా. చెప్పు.

… ఏ ఓటు? నువ్వు నాకు వేసిందా? … దాన్నడిగి వేశావా?

… నువ్వు అడిగావు, 'మీ పాత జట్టుని ఎక్కడ పెట్టను' అని. … అది 'మొదట' అంది. … ఎందుకట? … నలుగురు పెద్దపిల్లలు తిరిగొస్తున్నారని. … గనుల ఊళ్ళనుంచి వచ్చిన కొత్తపిల్లలు ముగ్గురూ దానికెలా తెలుసు? … వాళ్ళ ఆటలు చూడ్డానికెళ్ళిందా. వేసవిలో? … నువ్వు నవ్వావు, అది నవ్వలేదు. 'ఆర్డిస్ చేతిలో పడితే మార్చికల్లా మారిపోతారు, మీరు చూడండి' అంది.

నేనే వేసుకునేదాన్ని కాదే. నిబంధన లేకపోయినా నేను నాకు మొదటి స్థానం వేసుకునేదాన్ని కాదు.

…

కోరిన్. దానికి చెప్పకు. నీ కాళ్ళు పట్టుకుంటా. వెండెల్ వేశాడని చెప్పు, ఎవరో ఒకరి పేరు చెప్పు. నువ్వు చెబితే నమ్ముతుంది. … అబద్ధమే, తెలుసు. నా కోసం ఒక్క అబద్ధం. ఇరవై రెండేళ్ళలో నిన్నేమీ అడగలేదు, ఆ ఫోటోలో నా మొహం కూడా అడగలేదు…

… ఎక్కడుంది అది?

… మీ గది బయట బల్ల మీదా? ఇప్పుడా? నేను ఏం చెప్తానో అని కూర్చుందా?

… …

ఇయ్యి.

ఇయ్యి దానికి ఫోన్. … ఏం చెప్తానో నాకే తెలీదు. ఇయ్యి, మళ్ళీ ధైర్యం పోతుంది. … ఏయ్ కోరిన్. జుట్టు నిజంగానే బాగుంది. … ఆ. ఇయ్యి.

…

హలో. కైయా?

… ఆ. కోచ్‌నే. … బాగానే ఉన్నా. నువ్వెలా ఉన్నావు పిల్లా? … చదువు? … సూదులేస్తున్నావా అప్పుడే? ఎవరికి? … నారింజపండుకా! పాపం నారింజపండు.

… కైయా, ఆగు. నువ్వు మాట్లాడకు. నేను చెప్పేది విను. తర్వాత ఫోన్ పెట్టేసినా సరే.

ఆ ఓటు నేనే వేశాను.

… లేదు. పొరపాటున కాదు. వేలు జారి కాదు. కావాలనే. మిమ్మల్ని ఆఖర్న పెట్టాను. … నువ్వున్న జట్టుని.

… తెలుసు. నువ్వు నా తరఫున కొట్లాడావని ఇప్పుడే చెప్పింది. నేనా మర్యాదకి తగను. మీ కెప్టెన్ చెప్పిందే నిజం. వెళ్ళి చెప్పు దానికి…

నీ మీద కోపం కాదమ్మా. చదువుకోవడానికి వెళ్ళావు, వెళ్ళాల్సిందే. నేను రోజూ పొద్దున్నే ఐదింటికి లేస్తున్నాను ఇప్పటికీ. లేచాక గుర్తొస్తుంది, పక్‌లు కొట్టడానికి ఎదురుగా ఎవరూ లేరని. నువ్వు బాగా ఆడితే చూసి మురిసిపోయేది వేరే మనిషి. అది తట్టుకోలేకపోయాను. అంతే. ఇంత వయసొచ్చి.

…



… ఏడవకే. … నువ్వేడిస్తే నేను… … ఆ మెసేజీలన్నీ చదివాను. ఒక్కటీ వదల్లేదు. చేప చాలా పెద్దది. మీ నాన్నకి చెప్పు…

ఒక పని చెయ్యి. కన్నీళ్ళు తుడుచుకో. ఎడమ చెయ్యి పైకెత్తు. … ఎత్తమంటున్నాను కదా. పక్ పట్టే చెయ్యి. ఎత్తావా? భుజం దాకా? … ఆఁ. అక్కడే ఉంచు. ఎంతసేపు? నేను చెప్పిందాకా.

చివరి పీరియడ్‌లో, మూడోదాంట్లో, అలిసిపోయాక నువ్వు ఆ చెయ్యి దించేస్తావు కైయా. ఇంతే, బెత్తెడు. నీకు తెలీదు. గోల్‌కి పైన ఎడమ మూల మొత్తం ఖాళీ అయిపోతుంది. మూడేళ్ళ నుంచీ చూస్తున్నా, మాన్పిద్దామనుకునేలోపు వెళ్ళిపోయావు. … అదే. నిన్ను ఓడించడానికి నా దగ్గరున్నది అదొక్కటే.

… లేదు, కోరిన్‌కి తెలీదు. ఇప్పుడు నువ్వు చెప్తావుగా. చెప్పు. చివర్లో అరగంట అలిసిపోయేదాకా కొట్టి, ఆ మూలకే కొట్టమను. రోజూ. ఐదొందలు. దాని భుజం కూడా కాస్త నొప్పెట్టనీ…

మా పిల్లలా? వాళ్ళకి చెప్పేశానే. బోర్డు మీద పెద్దక్షరాలతో రాశాను. … ఏం, తుడవాలా? తుడవను. అదలాగే ఉంటుంది. పదో తారీకున ఏడుగంటలకి అందరూ అక్కడికే కొడతారు.

నువ్వు చెయ్యి దించకు. అంతే.

… వంట? ఆఁ, ఆట అయ్యాక ఇక్కడే తిను. మీ బస్సు కాసేపు ఆగుతుంది, చావదు. … అదే. బంగాళాదుంపలూ కీమా. … ఎత్తే ఉంచావా చెయ్యి ఇంకా? నొప్పెడుతోందా?… ఇంకొంచెంసేపు.

… ఉంటా మరి. రంగు ఆరిపోతోంది. గీత మీద మరక పడింది, గీకి మళ్ళీ వెయ్యాలి. … ఆఁ. ఇంక దించు.